చెరువు కట్ట మీద శాసనం, పక్కనే మైసమ్మ: ఒక ప్రసంగాల కేస్ స్టడీ

చిన్న పట్టణాల్లో స్థానిక చరిత్ర మీద ప్రసంగాలు పెట్టుకునేవాళ్ళకి చాలా ఏళ్ళుగా సాయం చేస్తున్నాను. వక్తని వెతకడం, విషయం ఖాయం చేయడం, ఊళ్ళో శాసనం ఉంటే చదవగలిగిన మనిషిని తీసుకురావడం, గొడవైతే సర్దడం నా పని. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక ఊరి సంగతి. ఊరి పేరు, కులాల పేర్లు, శాసనంలో ఉన్న పేర్లు చెప్పను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. దాని కోసమే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

దక్షిణ తెలంగాణలో ఒక మండల కేంద్రం. కాకతీయుల నాటి చెరువు, కట్ట మీద నిలబెట్టిన శాసనం, అక్కడికి యాభై అడుగుల దూరంలో కట్ట మైసమ్మ గుడి. బజార్లో పాత గ్రంథాలయం. తెలంగాణలో గ్రంథాలయం అంటే మొదటి నుంచీ సభలు జరిగే చోటు కూడా. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం మొదలైనప్పటి నుంచి వస్తున్న అలవాటు అది. సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి ఉండాలని నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 తెచ్చిన రోజుల్లో కూడా గ్రంథాలయం పేరు మీద నలుగురూ కూడేవారు. ఈ ఊరి పెద్దలకి ఆ గొప్ప ఇప్పటికీ నోటి మీద ఉంటుంది.

ఆ గొప్పతోనే ముగ్గురు కలిసి నెలకో ప్రసంగం మొదలుపెట్టారు. ఒకరు రిటైరైన తెలుగు పండితులు, ఒకరు జూనియర్ కాలేజీ లెక్చరర్, ఇంకొకరు మందుల షాపు ఆయన. ప్రతి రెండో శనివారం, సాయంత్రం ఐదున్నరకి. మొదటి నెల హాలు నిండింది. ఆరో నెలకి పద్నాలుగు మంది మిగిలారు. అందులో నిర్వాహకులు ముగ్గురు, మైకు అబ్బాయి ఒకడు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

"జనానికి చరిత్ర మీద ఇంట్రెస్ట్ లేదు సార్, అందరూ ఫోన్లలో పడిపోయారు" అన్నారు పండితులు గారు.

నాకు ఆ మాట మీద నమ్మకం కలగలేదు. చెరువు నిండి మత్తడి దుంకిందంటే, అంటే అలుగు పారిందంటే, ఊరంతా పనులు మానుకుని చూడ్డానికి పోతుంది. మిషన్ కాకతీయ కింద పూడిక తీసినప్పుడు శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేల, ఎక్కడి దాకా ఉండేదని టీ కొట్ల దగ్గర వారాల తరబడి వాదించుకున్నారు. కట్ట మైసమ్మకి ఏటా బోనాలెత్తుతారు. ఇదంతా గతం మీద ఆసక్తే. అది హాలు మెట్లెక్కి రావడం లేదంతే. అందుకని సలహా ఏదీ ఇవ్వకుండా ముందు ఒక ప్రసంగానికి వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను.

వేదిక మీద తొమ్మిది కుర్చీలు. జ్యోతి ప్రజ్వలన, స్వాగత వచనాలు, సభాధ్యక్షుల తొలిపలుకులు, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. వక్త చేతికి మైకు వచ్చేసరికి ఆరూ యాభై. విషయం "కాకతీయుల పరిపాలనా వ్యవస్థ". ఆయన రాసుకొచ్చిన కాగితాలు సగం కూడా కాకముందే ఏడున్నర బస్సు కోసం వెనక వరుసలు లేచిపోయాయి. ఆరు నెలల కరపత్రాలు తెప్పించుకుని చూశాను. అన్నీ డిగ్రీ పాఠ్యపుస్తకంలో అధ్యాయాల పేర్లే. ఒక్కదాంట్లోనూ ఆ ఊరి పేరు లేదు. పక్కనే చెరువు పెట్టుకుని చెరువు మాటే లేదు.

మొదట చేసినవి

ముందు వేదిక తగ్గించాం. వినడానికి తేలిక, చేయడం చాలా కష్టం. కుర్చీలో కూర్చునేవాళ్ళే చందాలిస్తారు, కుర్చీ తీసేస్తే చందా ఆగుతుంది. కరపత్రం మీద వాళ్ళ పేర్లు ఉంచి, శాలువా కార్యక్రమం చివరికి జరిపాం. ముందు ప్రసంగం, నలభై నిమిషాలు, తర్వాతే మర్యాదలు. మర్యాదల వేళకి జనం వెళ్ళిపోతారేమోనని దాతలకి కొంచెం బెంగ ఉండేది. వాళ్ళ బెంగ నిజమే అయింది, కానీ ఎవరూ చందా ఆపలేదు. వచ్చినవాళ్ళు చివరిదాకా కూర్చున్నారు. కొత్తవాళ్ళు మాత్రం రాలేదు.

తర్వాత నగరం నుంచి పేరున్న వక్తని పిలిచాం. హాలు నిండింది, మరుసటి నెల మళ్ళీ ఖాళీ. ఆయన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళకి మాతో పనేముంది? బడిపిల్లలకి క్విజ్ పెట్టి సర్టిఫికెట్లు ఇస్తే, అవి చేతికందగానే పిల్లలు వెళ్ళిపోయారు. తల్లిదండ్రులు బయట బండ్ల మీదే ఉండిపోయారు. వీడియోలు కూడా పెట్టాం. వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

అప్పుడు అసలు పని చేద్దామన్నాను. ఊరి విషయం, ఊరి చెరువు. కరపత్రం మీద శీర్షిక: "మన చెరువు: కథలూ నిజాలూ". ఆ శీర్షిక నేనే ఖాయం చేశాను. నా తప్పు అక్కడే మొదలైంది.

గొడవ

వక్త ఒక యువ పరిశోధకుడు. శాసనాలు బాగా చదువుతాడు, మాటలో పొగరు లేదు. ఈ చెరువు కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో ఫలానా నాయకుడు తవ్వించాడని, గుడికి భూమి ఇచ్చాడని శాసనం ఆధారంగా చెప్పాడు. హాలు అప్పటికి నిండుగా ఉంది. ఆ ఊపులో మైసమ్మ కథకి వచ్చాడు. కట్ట నిలవకపోతే ఒక ఆడమనిషి ప్రాణమిచ్చిందనే కథ చాలా చెరువులకి ఉందని, బుక్కరాయసముద్రం ముసలమ్మ కథని కట్టమంచి రామలింగారెడ్డి కావ్యంగానే రాశారని, అందుకే మన ఊరి కథని చరిత్రగా తీసుకోలేమని అన్నాడు. ఒక్కొక్క వాక్యం విడిగా చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు.

వెనక నుంచి ఒక పెద్దాయన లేచాడు. "అయితే మా ఆడబిడ్డ లేదంటవా? ఏటేటా మేం బోనమెత్తేది ఎవరికి మరి?"

"నేను ఆధారం ఉన్నదే చెప్తానండీ" అన్నాడు పరిశోధకుడు.

అప్పుడు ముందు వరుసలోంచి చప్పట్లు వినిపించాయి. శాసనంలో నాయకుడి పేరు చివర ఉన్న మాట తమ కులం పేరును పోలి ఉందని, చెరువు కట్టించింది తమవాడేనని చెప్పుకునే కొందరు కొట్టిన చప్పట్లవి. నా అంచనాలో ప్రసంగం కంటే ఆ చప్పట్లే ఎక్కువ చెడు చేశాయి. అప్పటి దాకా ఒక పెద్దాయనకీ ఒక కుర్రవాడికీ మధ్య ఉన్న మాట, ఆ క్షణంలో రెండు వాడల మధ్యకి పోయింది. మందుల షాపు ఆయన లైట్లు ఆర్పించి సభ ముగిసిందన్నాడు. మర్నాడు హాలు ఇవ్వడం కుదరదని కబురొచ్చింది. రెండు నెలలు ప్రసంగాలు లేవు.

ఏం చేయాలన్న ఆలోచన

నిర్వాహకులు మూడు దారులు చూపించారు. మొదటిది క్షమాపణ చెప్పి, మైసమ్మ కథ నిజమేనని సభలో అనేయడం. గొడవ ఆ రోజుకి ఆగుతుంది. కానీ రేపు ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ కథ నిజమవుతుంది. రెండోది మాట మీద నిలబడటం. మాకు పోయేదేముంది, హాలు ఎలాగూ పోయింది. కాకపోతే ఊళ్ళో సగం మంది ఇక మా మొహం చూడరు. మూడోది పోతన భాగవతం లాంటి ఏ తగవూ లేని విషయానికి మారిపోవడం. పండితులు గారికి ఇది బాగా నచ్చింది. అలా చేస్తే మళ్ళీ పద్నాలుగు మంది దగ్గరికే చేరతామని నాకు అనిపించింది.

మూడింటిలోనూ ఒకే లోటు కనపడింది. ఆ కథ మాలో ఎవ్వరూ పూర్తిగా వినలేదు. పరిశోధకుడు విన్నది ఎవరో క్లుప్తంగా చెప్పిన రెండు వాక్యాలు. నేను అదీ వినలేదు. వినకుండానే "కథలూ నిజాలూ" అని రెండు గంపల్లో పోసేశాను.

అందుకని ఆ వాడకి వెళ్ళాం. మొదటిసారి కూర్చోమని కూడా అనలేదు. రెండోసారి చాయ్ ఇచ్చారు. మూడోసారి, సభలో లేచిన పెద్దాయన వాళ్ళ పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె చెప్పిన కథ ఇది. చెరువు నిండింది, కట్టకి గండి పడింది. మూడుసార్లు పూడ్చారు, మూడుసార్లూ తెగింది. నాలుగోసారి మట్టి గంప నెత్తినెత్తుకున్న ఆడబిడ్డ గండిలోకి దిగి నిలబడింది. ఆమె మీదుగా మట్టి పోశారు, కట్ట నిలిచింది.

బయటికొచ్చాక పరిశోధకుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "సార్, ఈ కథలో చెరువు అప్పటికే ఉంది. శాసనం చెరువు కట్టించిన సంగతి. ఇది గండి పూడ్చిన సంగతి. ఒక ప్రశ్నకి దొరికిన జవాబు పెట్టి ఇంకో ప్రశ్నని కొట్టేశాను."

ఈ కేసులో మలుపు ఇదే. అయినా ఇక్కడ జాగ్రత్త కావాలి. రెండూ ఢీకొనవు అన్నంత మాత్రాన కథ రుజువైనట్టు కాదు. అదే కథ వేరే చెరువుల దగ్గరా వినిపిస్తుంది కాబట్టి ఊరి నుంచి ఊరికి నడిచొచ్చిందే కావచ్చు. లేదా గండి పడితే మట్టి మోసి ప్రాణాలు పోగొట్టుకోవడం ప్రతి చెరువు దగ్గరా జరిగిన పని కావచ్చు. ఏదో తేల్చే సామగ్రి మా చేతిలో లేదు. ఆ మాట ఎలా ఉందో అలాగే చెప్పాలని అనుకున్నాం.

చప్పట్లు కొట్టినవాళ్ళతో విడిగా మాట్లాడాను, మైకులో కాదు. ఆ కాలంలో పేరు చివరి మాట పదవి కావచ్చు, బిరుదు కావచ్చు, ఇప్పటి కులం పేరుతో కలిసినంత మాత్రాన వంశం కలవదు అని వివరించాను. మైకులో అంటే వాళ్ళనీ ఆ పెద్దాయన్ని చేసినట్టే చేసేవాళ్ళం. కొందరు ఒప్పుకున్నారు. కొందరు ఆ తర్వాత రావడమే మానేశారు.

రాతి దగ్గర ప్రసంగం

హాలు లేదు కాబట్టి కట్ట మీదే పెడదామన్నది లెక్చరర్ ఆలోచన. నేను ఒప్పుకోవడానికి వేరే కారణం ఉంది. అరిగిన శాసనం పగలు ఎండలో సరిగ్గా కనపడదు. చీకటి పడ్డాక పక్క నుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు టార్చి వెలుగు వేస్తే అక్షరాల గుంటల్లో నీడ పడి లేచి నిలబడతాయి. పిండి రాయడం, సుద్దముక్కతో దిద్దడం వద్దన్నాను. దిద్దేటప్పుడు మనం అనుకున్న అక్షరమే దిద్దుతాం, తర్వాత వచ్చినవాడు దాన్నే చదువుతాడు. రాతి మీద పాత సున్నం ఉంది. దాన్ని గీకకుండా దుమ్ము మాత్రం మెత్తటి బ్రష్‌తో దులిపించాం. రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా అదీ చేయకూడదు.

వరుస గురించి చాలా చర్చ నడిచింది. కథ ముందు చెప్పిస్తే, తర్వాత శాసనం చదవడం దాన్ని సరిదిద్దినట్టు ఉంటుంది. శాసనం ముందు చదివి అక్కడే ముగిస్తే కథకి చోటే లేదు. చివరికి శాసనం దగ్గర మొదలుపెట్టి, అందరం నడుచుకుంటూ మైసమ్మ గుడి దాకా వెళ్ళి, అక్కడ పెద్దమ్మ కథ చెప్పాక ఇంకెవరూ మాట్లాడకుండా ముగించాలని నిర్ణయించాం. వందన సమర్పణ కూడా వద్దన్నాను. పండితులు గారు నొచ్చుకున్నారు గానీ ఒప్పుకున్నారు.

ఏడు గంటలకి పట్టాలు పరిచి కూర్చున్నాం. డెబ్బై మంది దాకా వచ్చారు. టార్చి పక్కకి తిప్పగానే పిల్లలు "ఓ" అన్నారు. మొదటి అక్షరం వాళ్ళే పట్టుకున్నారు: శ్రీ. పైన చెక్కిన సూర్యుడు, చంద్రుడు ఎందుకంటే, అవి ఉన్నంత కాలం ఈ దానం చెల్లాలని, ఆచంద్రార్కం. చివర్లో చాలా శాసనాల్లో ఉండే శాప శ్లోకం ఉంది. తానిచ్చినదైనా ఇతరులిచ్చినదైనా దానభూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని అర్థం. అది చెప్పగానే ఒకాయన "శిఖం కబ్జా పెట్టినోళ్ళకి మైకు పెట్టి వినిపియ్యున్రి" అన్నాడు. నవ్వులు ఆగడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత సభలో బిగుతు పోయింది.

తేదీ లెక్క కోసం వేరే ఉదాహరణ తీసుకున్నాం. నకిరేకల్ దగ్గర చందుపట్ల శాసనం: రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి భూమి ఇచ్చాడని చెప్పే రాయి. శక సంవత్సరం 1211, పేరు విరోధి. శకానికి 78 కలిపితే 1289. సరి చూసుకోవడం ఎలా? 2009 ఉగాదికి వచ్చింది కూడా విరోధే. అక్కడి నుంచి పన్నెండు అరవైలు వెనక్కి వెళ్తే 1289కే చేరతాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి నోటి లెక్కతో చెప్పేసింది. అంతకు ముందు రాణి ఇంకో ఐదారేళ్ళు ఎక్కువ ఏలిందని అనుకునేవారు. ఒక్క రాయి చదవడంతో ఆ లెక్క మారిందన్నప్పుడు జనం తమ ఊరి రాయి వైపు ఇంకోలా చూశారు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఒక చిన్న మాట దగ్గర జరిగింది. గుడికి ఇచ్చిన భూమి "చెఱువు వెనుక" ఇన్ని మర్తుర్లు అని ఉంది, మర్తురంటే అప్పటి భూమి కొలత. వెనుక అంటే ఏ వైపు అని ఒక కుర్రాడు అడిగాడు. కట్ట మీద నిలబడి చూస్తే ఎటైనా అనుకోవచ్చు. పరిశోధకుడికి జవాబు తెలుసు, అయినా చెప్పకుండా "మీలో ఎవరైనా చెప్తారా" అన్నాడు. ఒకప్పుడు చెరువు నీళ్ళు పొలాలకి వదిలే నీరటిగా పనిచేసిన ముసలాయన ఒకరు తూము వైపు చెయ్యి చూపించాడు. "కట్టకు ముందట నీళ్ళు, ఎనుక పొలం. నీళ్ళ దిక్కే మొకం పెట్టి నిలబడతం గదా కావలికి." తర్వాత తూము ఎలా తెరిచేవారో, మొదటి తడి ఏ పొలానికి పోయేదో పది నిమిషాలు చెప్పాడు. శాసనంలో హద్దుగా ఉన్న ఒక పేరు ఇప్పటికీ ఒక పొలానికి ఉందని బయటపెట్టింది కూడా ఆయనే. మా పరిశోధకుడు ఆ మాటని అప్పటి దాకా మనిషి పేరు అనుకుంటున్నాడు.

గుడి దగ్గర పెద్దమ్మ కథ చెప్పింది. ఆమెకి ముందు పరిశోధకుడు నాలుగే వాక్యాలు అన్నాడు. "ఈ రాయి కట్టించినాయన పేరు చెప్తుంది. మట్టి మోసినవాళ్ళ పేర్లు చెప్పదు. గండి ఊసు అసలే లేదు. ఈ అమ్మ ఎప్పటి మనిషో నేను చెప్పలేను." పెద్దాయన తల ఊపాడు. ఒప్పుకున్నాడో ఓర్చుకున్నాడో నాకు తెలియదు.

తర్వాత, మిగిలిన చిక్కులు

ఆ తర్వాత ఏడాది పాటు నెలకి నలభై మందికి తగ్గలేదు. హాల్లో ఎప్పుడూ నలుగురు ఆడవాళ్ళు కూడా ఉండేవారు కాదు, కట్ట మీదికి మాత్రం చాలామంది వచ్చారు. బతుకమ్మలు నిమజ్జనం చేసే చోటు కదా, అక్కడికి రావడానికి ఎవరినీ అడగక్కర్లేదు. మేం హాలు మెట్ల గురించి ఎంత ఆలోచించినా ఈ సంగతి తట్టలేదు. వానాకాలంలో మళ్ళీ హాలుకి మారితే సంఖ్య పడిపోయింది. దానికింకా మందు దొరకలేదు.

ఇంకో చిక్కు అనుకోకుండా వచ్చింది. ఆ ఏడు బోనాలకి కట్ట మీద ఒక ఫ్లెక్సీ వెలిసింది: "శాసనం సాక్షిగా మా తల్లి త్యాగం". శాసనంలో లేనిది ఉందని. ముందొక కథని కొట్టేసి గొడవ తెచ్చుకున్నాం, ఇప్పుడు దాన్ని గౌరవించినందుకు ఇది. పెద్దాయన దగ్గరికే వెళ్ళి అడిగాం. మరుసటి రోజు మొదటి రెండు మాటల మీద తెల్ల కాగితం అంటించి ఉంది. అప్పటి నుంచి ప్రతి ప్రసంగానికీ ఒక పేజీ కాగితం పంచుతున్నాం. శాసన పాఠం, తెలియని అక్షరాల చోట చుక్కలు, కింద ఇప్పటి తెలుగులో అర్థం. ఎవరు ఏమి చెప్పుకున్నా ఆ పేజీ ఇళ్ళలో ఉంటుంది.

ఈ పని చేయబోయేవాళ్ళు నన్ను అడిగితే మొదట చెప్పేది శీర్షిక గురించి. అందులో తీర్పు ఉండకూడదు. ఇప్పుడైతే "మన చెరువు గురించి మనకేం తెలుసు, ఎలా తెలుసు" అని పెడతాను. కొంచెం పొడుగే, కానీ ఎవరినీ ముందే ఓడించదు. వక్తకి ఊరు చూపించకుండా మైకు ఇవ్వకూడదు, కనీసం ఒక పూట ఊళ్ళో తిరగాలి. అతనికి తెలిసిన జవాబైనా సభలో ఎవరికి తెలుసో అడిగితే, తెలియనిది ఇంకొకటి బయటికొస్తుంది. శాసనం లేని ఊరైతే ఏం చేయాలని అడుగుతుంటారు. కడప వైపు, గుంటూరు వైపు చాలా ఊళ్ళకి ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్రల రాతలు, ఉన్నాయి. రెండు వందల ఏళ్ళ నాడు ఊళ్ళలో చెప్పుకున్నవి, కరణాల కవిలెల్లో, అంటే ఊరి లెక్కల పుస్తకాల్లో, ఉన్నవి అందులో రాసి ఉంటాయి. కథకీ శాసనానికీ మధ్య మెట్టులా పనికొస్తాయి. సభలో రెండు పేజీలు చదివి, ఇందులో ఏ పొలం ఇప్పుడుందని అడిగితే చాలు.

ఈ ఊళ్ళో రాయి అడుగుభాగం అడుగున్నర దాకా మట్టిలో ఉంది. అక్కడ కూడా అక్షరాలున్నట్టు వేలికి తగులుతున్నాయి. తవ్వే అధికారం మాకు లేదు, అనుమతికి కాగితం పెట్టి చాలా నెలలైంది. నేనెప్పుడు ఆ ఊరికి వెళ్ళినా పెద్దమ్మ గడప దగ్గర నుంచే అడుగుతుంది: "కిందేం రాసిందో చూసిన్రా బిడ్డా?"